నదిపై నొక దినము

నదీతీరమున పుట్టి పెరిగినవారికి నదినిగూర్చి బోధింప నవసరము లేదని కొందఱనుకొందురు. మా యభిప్రాయ మట్లు కాదు. దినదినము కంటికి గనబడు వస్తువే బుద్ధికి దూరమై యుండుట లోకమున సామాన్యము. ఎచ్చెర్ల ప్రాంతపు బాలబాలికలు శ్రీకాకుళమునకు పోయి వచ్చునపుడెల్ల వంతెనమీదినుండి నాగావళిని చూచుచునే యుందురు. ఆ నది యెక్కడ పుట్టినది? ఎంత దూరము ప్రవహించి వచ్చినది? నడిమి పాయ లోతెంత? వేసవిలో ఇసుకతిన్నెగా గనబడు చోటు శ్రావణమాసమున నెంత నీటిక్రింద నుండును? ఈ ప్రశ్నలకు తడబడక జవాబు చెప్పగలవారు తరగతికి నలుగురుందురో లేదో సందేహమే. వంతెన మనకు నదిని దాటుట సులభము చేసినది. నదిని తెలిసికొను పని మాత్రము మనకే విడిచినది.

అందుచేత నీ వ్యాసమున మేమొక్క విషయమును ప్రతిపాదింప దలచినాము. ఉన్నత పాఠశాలా విద్యార్థులు సంవత్సరమున కొక్క దినమైనను పడవపై నదీయానము చేయవలెను. ఆ దినమునకు ముందుగా ప్రతి బాలుడును, ప్రతి బాలికయు నీత నేర్వవలెను. మొదటిది వట్టి వినోదముగను, రెండవది వట్టి వ్యాయామముగను పైకి దోచును. ఈ రెండును విద్యలోని భాగములే యనియు, ఒకటి లేక రెండవది నిలువదనియు మా వాదము.

ఈ మాట పలికిన వెంటనే తలిదండ్రులనుండి వచ్చెడి ప్రత్యుత్తరము మేమెఱుంగనిది కాదు. “పిల్లలను నీటి దరికి పోనీయకుడు; కచ్చులూరు మఱచితిరా?” అని వారడుగుదురు. మఱవలేదు. మఱవరాదు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమునాడు గోదావరిపై పాపికొండలను చూడబోవుచుండిన ‘రాయల్ వశిష్ఠ’ యను పడవ దేవీపట్నము మండలములోని కచ్చులూరు చెంత మునిగిపోయెను. దానిపై డెబ్బదిమందికి పైగా జనులుండిరి. వారిలో సుమారు ఏబదిమంది ప్రాణములు గోల్పోయిరి. ఆ పడవను నీటినుండి పైకి దీయుటకే ఐదు వారములకు పైగా పట్టెను. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము అక్టోబరు 22వ తేదీన దానిని గట్టునకు జేర్చెను. దానికి రెండేండ్లకు ముందు, 2017 నవంబరు 12వ తేదీన కృష్ణానదిపై ఇబ్రహీంపట్నము చెంత మఱియొక పడవ బోల్తాపడి యిరువదిమందికి పైగా మరణించిరి. ఈ కుటుంబముల దుఃఖమును తలచినపుడు పెద్దల భయము సహజమే యని యొప్పుకొనవలెను.

అయితే భయమునకు రెండు మార్గములు గలవు. ఒకటి కన్నులు మూసికొనుట; రెండవది కన్నులు తెఱచి కారణము వెదకుట. కచ్చులూరి దినమున గోదావరి వరదలో నుండెను. నదిలో నాడు ప్రవహించిన నీరు సుమారు 5 లక్షల క్యూసెక్కులని లెక్క. క్యూసెక్కు అను మాట వార్తాపత్రికలలో నిత్యము చదువుదుము గాని, దాని యర్థమును ఊహించువారు తక్కువ. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పాఱినచో అది యొక క్యూసెక్కు. అనగా ఇంచుమించు 28 లీటర్ల నీరు. 5 లక్షల క్యూసెక్కులనగా సెకనుకు 1 కోటి 41 లక్షల లీటర్ల నీరు! ఆ నీరంతయు రెండు కొండల నడుమ నిఱుకుదారిని బడి, సుడులు దిరుగుచు పాఱునపుడు దానిపైకి విహారయాత్రికుల పడవను నడుపవచ్చునా, నడుపరాదా? లెక్క దెలిసిన పదవ తరగతి బాలుడు సైతము “వలదు” అని చెప్పగలడు. లెక్క దెలియనివానికి వరద గోదావరియు, శీతకాలపు గోదావరియు ఫోటోలో నొక్కటే. కాబట్టి కచ్చులూరు మనకు నేర్పు పాఠము నదికి దూరముగా నుండుమని కాదు. నదిని దెలిసికొనక దానిపైకి పోకుమని.

ఆ దుర్దినముననే మఱియొక పాఠమును గలదు. దానిని పత్రికలు వ్రాసినవి గాని, మనము చాలినంతగా తలపోయలేదు. మునుగుచున్నవారిని రక్షించినవారెవరు? పరుగున తమ నాటుపడవలను నీట ద్రోసికొని వచ్చిన తీరగ్రామవాసులు. ఇరువదిమందికి పైగా ప్రాణములతో బయటపడిరన్నచో, అది నీటిని చిన్ననాటనుండి యెఱిగిన యా గ్రామస్థుల చలువ. ఆ సుడిలో ఏ వైపునుండి పోవలెనో, ఎక్కడ ఆగవలెనో వారికి పుస్తకములు చెప్పలేదు. నదిని దెలిసినవారే నదినుండి మనుష్యుని కాపాడగలిగిరి. దీనికంటె మా వాదమునకు బలమైన సాక్ష్యము మేము చూపలేము.

క్రిందటి శీతకాలమున, నీరు శాంతించి తేటబడిన దినములలో, మేము కొందఱము ఆమదాలవలసలో రైలెక్కి రాజమహేంద్రవరమున దిగి, గండిపోచమ్మ దేవాలయము చెంత రేవునుండి పాపికొండలకు బోయితిమి. లాంచీ కదలక పూర్వమే ప్రతివారికిని రక్షణచొక్కా తొడిగించి, పట్టీలు బిగించిరి. ప్రయాణికుల పేళ్లు పుస్తకమున కెక్కించి లెక్క సరిచూచిరి. కచ్చులూరు దుర్ఘటన తరువాత వచ్చిన ఈ కట్టుదిట్టములు కొందఱికి విసుగు పుట్టించినవి. మాకు ధైర్యము గలిగించినవి.

గట్టు విడిచిన కొంతసేపటికి నది తీరు మాఱినది. విశాలమైన నీటిబయలు క్రమముగా నిఱుకై, ఇరువైపుల కొండలు దగ్గఱకు వచ్చినవి. పోలవరము ఆనకట్ట పనులవలన వెనుకకు నిలిచిన నీటిలో దేవీపట్నము మొదలగు గ్రామములు మునిగినవి. ఆ జనులు పునరావాస కాలనీలకు తరలిరి. చెట్ల తలలు నీటిపైన గనబడుచుండ, వాని క్రింద వీథులుండెడివని తోడివారు చూపిరి. భూగోళశాస్త్రములో ‘జలాశయము’ అను నొక్క మాటతో ముగియు విషయము ఎన్ని పొయ్యిలను చల్లార్చి కట్టబడునో ఆ చెట్ల తలలను చూచినపుడు బోధపడెను. ఆ జలాశయమువలన బీళ్లకు నీరు వచ్చుట సత్యము. ఊళ్లు పోవుట సత్యము. రెండు సత్యములను ఒక్కసారి మోయుట నేర్చినవాడే పౌరుడు. తరగతి గోడల నడుమ నీ భారము తెలియదు.

ప్రక్కన నిలిచిన మాతో సరంగు, “మాస్టారండి, ముడతలు పడ్డ నీళ్లకి నేను జడవనండి. అద్దంలాగా నున్నగా ఉండి మెల్లిగా తిరుగుతున్నాయి చూడండి, అక్కడే జాగ్రత్తండి” అనెను. ముడుతలు పడిన చోట లోతు తక్కువయో, బండ యున్నదో పైకే తెలియును. నునుపుగా దిరుగు నీటిక్రింద సుడియుండును. ఈ యొక్క వాక్యము మా పాఠశాలలలో నెన్ని పాఠములకు సాటి! పేరంటాలపల్లికి జేరి, ఆశ్రమపు మెట్లెక్కి, కొండరెడ్ల స్త్రీలు వెదురుతో నల్లిన సామానులు కొని, సాయంకాలమునకు తిరిగి రేవు జేరితిమి.

ఆ దినమున మా కొకటి మాత్రము నచ్చలేదు. పోవునప్పుడును, వచ్చునప్పుడును లాంచీపై యంత్రములనుండి సినిమా పాటలు చెవులు పగులునట్లు మ్రోగుచునే యుండినవి. కొండలనడుమ నెంతటి నిశ్శబ్దముండునో ఒక్క నిమిషమైనను విననీయలేదు. యాత్రికులలో సగముమంది నదికి వీపు ద్రిప్పి నృత్యము చూచుచు కూర్చుండిరి. నదిపై పోవుట వేఱు, నదిలో పోవుట వేఱు. పెద్ద లాంచీ మనలను నదిపై మోసికొని పోవును. చిన్న పడవ మనలను నదిలోనికి గొనిపోవును. చేయి చాపిన నీరందవలెను. తెడ్డు చప్పుడు వినబడవలెను. విద్యార్థుల నదీయానము చిన్న పడవలపై, మెల్లని నడకతో జరుగవలెనని మేము పట్టుపట్టుట కిదియే కారణము.

మెల్లని నడక యనగానే మన పూర్వుల పడవప్రయాణములు స్మృతికి వచ్చును. ధవళేశ్వరము కడ గోదావరిపై ఆనకట్ట 1847లో నారంభమై 1852లో పూర్తియైనది. దానిని నిర్మించిన సర్ ఆర్థరు కాటన్ దొర కాలువలను పొలములకు నీరిచ్చుటకే గాక, పడవలు నడచుటకును తగినట్లు త్రవ్వించెను. రైళ్లకంటె జలమార్గములే యీ దేశమునకు చౌకయని ఆయన జీవితాంతము వాదించెను. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో గలిపెను. కృష్ణకు దక్షిణమున కొమ్మమూరు కాలువయు, దానిని దాటి బకింగుహాము కాలువయు గలసి చెన్నపట్టణమువఱకు నీటిబాట నేర్పరచినవి. 1876–78 నాటి ఘోరక్షామమున ఆకలిగొన్న కూలీలకు పని కల్పించుటకై బకింగుహాము కాలువలోని కొంతభాగము త్రవ్వబడెను. ఆనాటి గవర్నరు పేరే దానికి పెట్టబడెను. వడ్లు, ఉప్పు, కట్టెలు, పెండ్లివారు, కచేరీ కాగితములు, అన్నియు నా కాలువలపైనే సాగెడివి.

ఎత్తుపల్లములు గల నేలపై పడవ నడచుటకు లాకులు కావలెను. లాకు పనిచేయు తీరు చూచి తెలిసికొనవలసిన విషయము. కాలువలో నొక తొట్టివంటి భాగమును గట్టి, రెండు కొనలయందును తలుపులుంచుదురు. పడవ పల్లపు వైపునుండి లోనికి రాగా క్రింది తలుపులు మూసి, పై కాలువ నీటిని మెల్లగా వదలుదురు. తొట్టి నిండినకొలది పడవ తానుగా లేచును. నీరు సమమట్టమైన పిదప పై తలుపులు దెఱువగా పడవ ముందునకు సాగును. బలవంతులు నూఱుమంది యెత్తలేని పడవను నీరే యెత్తును. ‘నీరు తన మట్టమును తాను వెదకికొనును’ అను సూత్రమును పదిమార్లు వల్లించిన బాలునికంటె, లాకులో నొక్కసారి పడవతో పైకి లేచిన బాలునికి అది చిరకాలము జ్ఞాపకముండును.

1900వ సంవత్సరమున రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలు వంతెన నడకలోనికి వచ్చినది. పిదప బస్సులు, లారీలు వచ్చినవి. కాలువలలో పడవలు క్రమక్రమముగా తగ్గి, పలుచోట్ల గుఱ్ఱపుడెక్కయు, చెత్తయు పేరుకొన్నవి. కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల యీ కాలువలను, గోదావరీ కృష్ణా నదులలోని కొన్ని భాగములను గలిపి 2008లో కేంద్రప్రభుత్వము 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. ప్రకటన మంచిదే. కాని పడవ నడచిననే కాలువ కాలువగా నుండును. మనుష్యుల కన్ను దినమును దానిపై బడుచుండినచో దానిలో చెత్త పోయుటకు చేయి వెనుదీయును. వాడుకలేని బావి పాడుబావి యగునట్లు, పడవలేని కాలువ మురుగుకాలువ యగును.

ఇట్టి దశ మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండు దేశమున 1761లో బ్రిడ్జివాటరు కాలువ తెఱచినది మొదలు దేశమంతట కాలువలు త్రవ్విరి. మధ్యదేశపు కాలువలలోని లాకులు సుమారు 7 అడుగుల వెడల్పే గలవి. వానిలో పట్టుటకై 70 అడుగుల పొడవును, 7 అడుగులకు లోపు వెడల్పును గల సన్నని పడవలను గట్టిరి. వానికి నేరోబోటు అని పేరు. గుఱ్ఱము గట్టుమీద నడచుచు త్రాడుతో లాగెడిది. రైళ్లు వచ్చిన పిదప ఆ కాలువలును పాడుబడజొచ్చినవి. అప్పుడు, 1944లో ఎల్.టి.సి. రోల్టు అను నాతడు తన సన్నపడవ ప్రయాణమునుగూర్చి ‘నేరోబోట్’ అను గ్రంథమును ప్రకటించెను. దానిని చదివినవారిలో నుత్సాహము పుట్టి, 1946లో కాలువల రక్షణకై యొక సంఘమేర్పడెను. సామాన్యులు సెలవు దినములలో పారలు చేతబట్టి పూడికలు దీసిరి. విఱిగిన లాకులను బాగుచేసిరి. నేడా దేశపు కాలువలపై వేలకొలది పడవలు గంటకు 4 మైళ్లకు మించని వేగముతో, అనగా మనుష్యుని నడకవలె, సాగుచున్నవి. సరకుల వ్యాపారము పోయినను కాలువ చావలేదు. దానిని ప్రేమించువారు కలిగిరి గనుక బ్రదికినది.

ఈ కథకు విద్యార్థులు తెలిసికొనవలసిన యింకొక ప్రక్క గలదు. పూర్వకాలమున నా సన్నపడవలలోని చిన్న గదిలోనే బోటువాని కుటుంబమంతయు కాపురముండెడిది. పడవ నేడొక యూర, ఱేపొక యూర నుండుటచే వారి పిల్లలకు బడి యనునది లేకపోయెను. కోల్‌విల్ గ్రామపు జార్జి స్మిత్ అను దయాళువు ఈ దురవస్థను లోకమునకు చాటగా, 1877లోను, మరల 1884లోను వారి మేలు గోరి చట్టములు చేయబడెను. ఆనాడు పడవలోని పిల్లలు బడికై యెదురుచూచిరి. నేడు బడిలోని పిల్లలకు పడవ తెలియదు. ఈ రెండు లోపములలో మొదటిది ఘోరమైనదే. రెండవదానిని దిద్దుట సులభము గదా!

మన కాలువలపైనను గాలి లేనివేళ తెరచాప దించి, త్రాడు భుజమున వేసికొని, ఎండలో గట్టువెంట మైళ్లకొలది పడవను లాగినవారు మనుష్యులే. ఆ పాతదినములను బంగారు దినములని పొగడువారు ఆ భుజముల కాయలను లెక్కింపరు. మేము కోరునది ఆ కాలము తిరిగి రావలెనని కాదు. ఆ నీటిబాటయు, ఆ నిదానమును నిలువవలెను. ఆ వెట్టిచాకిరి మాత్రము తిరిగి రారాదు. నేడు నిశ్శబ్దముగా నడచు బ్యాటరీ పడవలు గలవు. వానితో నీ రెండును సాధ్యములే.

ఇక మన యింటి విషయమునకు వత్తము. నాగావళి గోదావరి కాదు. ఒడిస్సాలోని కలహండి జిల్లా కొండలలో పుట్టి, రాయగడ సీమను దాటి, మన జిల్లాలలో బ్రవేశించి, జంఝావతి, సువర్ణముఖి, వేగవతులను గలుపుకొని, శ్రీకాకుళమునకు దిగువను కల్లేపల్లి చెంత సముద్రమున గలియును. దాని పొడవు సుమారు 256 కిలోమీటర్లు. 1,465 కిలోమీటర్ల గోదావరిలో ఆఱవవంతుకు కొంచెము మించినది. కొండల దగ్గఱ పుట్టి తొందరగా సముద్రము జేరు నది గనుక, వాన పడిన గంటలలో పొంగును. వాన వెలిసిన దినములలో తగ్గును. వంశధారయు నట్టిదే. అట్టి నదులపై సంవత్సరమంతయు పడవలు నడపుట సాధ్యముకాదు. పాపికొండలవంటి లాంచీలు నాగావళిపై గావలెనని మేము కోరము.

అయినను ఈ సీమకును పడవకును చుట్టఱికము లేకపోలేదు. వంశధార సముద్రమున గలియు కళింగపట్నము పూర్వము నౌకలు నిలిచిన రేవు. నేటికిని అచ్చట దీపస్తంభము గలదు. దానికి సమీపమున నదీతీరపు కొండపైనున్న శాలిహుండములో బౌద్ధస్తూపముల శిథిలములు గలవు. సముద్రమార్గమును నదీమార్గమును గలియు చోటనే ఆ భిక్షువులు విహారము గట్టుకొనుట యాలోచింపదగిన విషయము. నేటికిని ఎచ్చెర్ల మండలములోని బుడగట్లపాలెమువంటి గ్రామములలో మత్స్యకారులు తెల్లవారుజామున పడవలను అలలపైకి ద్రోయుచున్నారు. కార్తికమాసము ముగియు పోలిపాడ్యమినాడు మన స్త్రీలు అరటిదొప్పలలో దీపములు వెలిగించి నీట విడుతురు. పడవను మఱచినను పడవ యాకారమును మనము మఱువలేదు.

మఱి యాపదయో? ప్రతి సంవత్సరము సెలవు దినములలో నదిలో స్నానమునకు దిగి తిరిగి రాని బాలురనుగూర్చిన వార్త మన జిల్లాలలో నెక్కడనో యొకచోట వినవలసి వచ్చుచున్నది. ఆ బాలురను పడవ ముంచలేదు. ఇసుకకై త్రవ్విన గోతులు నీటిక్రింద దాగియుండును. మోకాటిలోతున నడచుచున్నవాడు మఱియొక్క యడుగులో తలమునుకలగును. అతనికి ఈత రాదు. గట్టుననున్న స్నేహితులకును రాదు. ఒకనిని రక్షింపబోయి యింకొకడు దిగును. “నీటి దరికి పోకుము” అను ఆజ్ఞ వీరి నాపలేకపోయినది. వేసవి యెండలో నది పిలుచును, పిల్లలు పోవుదురు. పోకుండ నాపలేనపుడు, పోయినవాడు తిరిగి వచ్చునట్లు చేయుటయే వివేకము.

కాబట్టి మేము చేయు సూచనలివి. మొదటిది, ఎనిమిదవ తరగతి దాటులోపల ప్రతి విద్యార్థియు నీత నేర్వవలెను. లోతు దెలిసిన చెఱువులోనో, కొలనులోనో, త్రాళ్లును గాలిట్యూబులును సిద్ధముగా నుంచుకొని నేర్పవలెను. మునుగువానికి చేయి యందింపరాదనియు, త్రాడో, గెడయో, పై వస్త్రమో విసరవలెననియు ప్రతివారికిని కంఠస్థము కావలెను.

రెండవది, ఈత నేర్పు గురువులను దూరమునుండి తేనక్కఱలేదు. మన మత్స్యకార కుటుంబముల పెద్దలున్నారు. వారిని గౌరవముతో బిలిచి, తగిన వేతనమిచ్చి, గురుపీఠమున గూర్చుండబెట్టవలెను. తరగతిలో వెనుక బల్లపై ముడుచుకొని కూర్చుండు తీరగ్రామపు బాలుడు ఆ దినమున ముందునకు వచ్చును. తన తండ్రి యెఱిగిన విద్యను ఉపాధ్యాయులు సైతము చేతులు గట్టుకొని వినుట చూచినపుడు ఆ బాలుని మనస్సులో గలుగు మార్పు ఏ బహుమతివలనను గలుగదు.

మూడవది, వర్షములు వెనుకబట్టిన పిదప, డిసెంబరు జనవరి మాసములలో, అధికారుల యనుమతితో నాగావళి తీరమున నొక సురక్షితమైన చోట చిన్న పడవలపై నొక దినము విద్యార్థులు గడుపవలెను. వరద మాసములలో నెట్టి బలవంతమునకును లోనుగారాదు. పడవకు పట్టువారి సంఖ్యకు ఒక్కనినైనను మించనీయరాదు. రక్షణచొక్కా గట్టుననే తొడిగి బిగింపవలెను. ఒడిలో బెట్టుకొన్న చొక్కా యెవనిని రక్షింపదు. ఏ క్షణముననైనను “వెనుకకు” అనుటకు సరంగునకును, వెంటవచ్చు ఉపాధ్యాయునకును సమానాధికార ముండవలెను. పై తరగతులవారికి ధవళేశ్వరపు ఆనకట్టను, లాకులను, కాటన్ వస్తుప్రదర్శనశాలను చూపుట మఱింత మేలు.

నాల్గవది, ఆ దినము చదువు దినము గావలెను. గట్టున 100 అడుగుల దూరము గొలిచి రెండు గెడలు పాతి, ఎండుకొబ్బరికాయ నొకదానిని నీట విడువవలెను. అది యొక గెడనుండి రెండవ గెడను జేరుటకు 50 సెకనులు పట్టెననుకొందము. వేగము సెకనుకు 2 అడుగులు. పాయ వెడల్పు 200 అడుగులు, సగటు లోతు 3 అడుగులైనచో, ఈ మూడింటిని హెచ్చింపగా 1,200 క్యూసెక్కులు. పైనీరు లోనినీటికంటె వేగముగా పోవును గనుక కొంత తగ్గించి, సుమారు 1,000 క్యూసెక్కులని వ్రాసికొనవచ్చును. ఇది చేసిన బాలుడు పత్రికలో 5 లక్షల క్యూసెక్కుల వరదయని చదివినపుడు, తాను చూచిన నది వంటివి అయిదువందలు ఒక్కసారి వచ్చుచున్నవని గ్రహించును. నదియొద్ద మెలగుటకు గావలసిన భయభక్తులు అప్పుడు గాని పుట్టవు.

బాలికల కీతయేల యని కొందఱడుగుదురు. నీటికి స్త్రీపురుష భేదము తెలియదు. నీరు దెచ్చుటకును, గుడ్డలుతుకుటకును నదిలో దిగువారిలో మన యక్కచెల్లెండ్రే యెక్కువ. తల్లికి ఈత వచ్చినచో పిల్లలకు తప్పక వచ్చును. వారికి వేఱు వేళలు, స్త్రీ గురువులు, తగిన దుస్తులు నేర్పాటు చేయుట కష్టముకాదు. ఖర్చెక్కడిదని మఱికొంద ఱడుగుదురు. రెండు రాత్రులు బస్సులో నిద్రలేక తిరిగి, దేనిని చూచితిమో జ్ఞాపకములేని విహారయాత్రలకు అయ్యెడి సొమ్ములో కొంతభాగము దీనికి జాలును. పరీక్షలకు కాలము చాలదని చెప్పువారికి మేమొక్క మాటయే విన్నవింతుము: పరీక్ష వ్రాయుటకు బాలుడు బ్రదికియుండవలెను గదా!

ఇట్టి దినములవలన నదికిని మేలు గలదు. తాను పడవలో దిరిగిన నీటిలోనికి మురుగు వచ్చి పడుచుండుట చూచిన విద్యార్థి ఊరకుండడు. తనకు లోతు గొలుచుట వచ్చినచో, ఇసుక త్రవ్వినవారు విడిచిన గోతిని గుర్తించి పెద్దలకు చెప్పగలడు. ఎచ్చెర్లలో 2008లో విశ్వవిద్యాలయము వెలసినది. మన పిల్లలు ఱేపు అందు చదువుదురు. నదీశాస్త్రమునుగూర్చి పరిశోధన చేయువారు వారిలోనుండి పుట్టవలెనన్నచో, ఆ విత్తనము నేడు ఉన్నత పాఠశాలలో బడవలెను.

ఈ సంచికను చదువు బాలబాలికలకు మేమొక చిన్న పని యప్పగించుచున్నాము. వేసవి సెలవులలో మీ మీ యిండ్ల పెద్దల నడుగుడు: వంతెనలు చాలినన్ని లేని కాలమున వారు నాగావళి నెట్లు దాటిరి? ఏ రేవున? ఎవరి పడవపై? ఎంత యిచ్చి? వరద వచ్చిన దినమున నేమి చేసిరి? వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, బడి తెఱచిన దినమున మాకిండు. అందులో మేలైనవానిని వచ్చే యేటి సంచికలో ప్రకటింతుము. తలిదండ్రులకు మా మనవి యింతకంటె చిన్నది: ఈ యేడు మీ బిడ్డకు ఈత వచ్చునో రాదో కనుగొనుడు. రానిచో, ఆ పని వానలు రాకమునుపే యారంభింపుడు.